హిప్‌హాప్ వీడియో, ఆల్బమ్ కవర్: కెమెరా మోడ్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు నలుగురు విద్యార్థులు. ఒకరు ర్యాప్ చేస్తారు, బీట్, అంటే వెనక వచ్చే సంగీతం, మీ స్నేహితుడు చేశాడు. పాట 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు), నిడివి 2 నిమిషాల 51 సెకన్లు. రాత్రి డ్యూటీ చేస్తూ తమ్ముడి చదువుకు ఫీజు కడుతున్న అన్న గురించి ఆ తమ్ముడే పాడే పాట. చేతిలో రెండు ఫోన్లు, అడిగి తెచ్చుకున్న ఒక కెమెరా ఉన్నాయి. నాలుగు వారాల్లో వీడియో, ఆల్బమ్ కవర్ రెండూ ఇవ్వాలి. ఇప్పటికి రాసుకున్న ఐడియాలు: కారు, గొలుసులు, నియాన్ లైట్లు, మేడ మీద డ్రోన్ షాట్, వాన. ఎక్కడ మొదలుపెట్టాలి, కెమెరా ఏ మోడ్‌లో పెట్టాలి అన్నది ప్రశ్న.

చాలాకాలంగా చిన్న బృందాలతో ఇలాంటి వీడియోలు తీస్తున్నాను, విద్యార్థుల ప్రాజెక్టులు కూడా చాలా చూశాను. మోడ్ గురించి తర్వాత చెబుతాను. ముందు మీ లిస్టు మళ్లీ ఒకసారి చదవండి. అందులో అన్న ఎక్కడా లేడు. రాత్రి డ్యూటీ లేదు. ఆ లిస్టుతో ఏ ర్యాప్ పాటకైనా వీడియో తీయొచ్చు, ఇబ్బంది అక్కడే ఉంది.

1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ తాముండే భవనంలోని హాల్లో చేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టిన రోజుగా చెప్పుకుంటారు. అక్కడ ఉన్నది ఒక చోటు, ఆ చుట్టుపక్కల మనుషులు, వాళ్ల సౌండ్ సిస్టం. ఈ సంగీతానికి ఇప్పటికీ బలం అదే: ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు. కార్లు, గొలుసులు వచ్చింది కూడా "మేం అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాం" అని చెప్పడానికే. ఆ ప్రయాణం మీ పాటలో లేకుండా వస్తువు ఒక్కటే తెచ్చి పెడితే అది అద్దెకు తెచ్చిందని చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. కాబట్టి ఆ మూడు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాసుకోండి. లొకేషన్, బట్టలు, రంగులు, కవర్ అన్నీ ఆ మూడు వాక్యాల్లోంచే రావాలి.

మీ పాటనే తీసుకుని చూద్దాం. అన్న పొద్దున ఇంటికి వచ్చేసరికి తమ్ముడు కాలేజీకి బయల్దేరతాడు. తమ్ముడు వచ్చేసరికి అన్న డ్యూటీకి వెళ్లిపోతాడు. ఒకే గది, ఒకే మంచం, కానీ ఇద్దరూ ఒకేసారి ఉండరు. వీడియోకి ఇదొక్కటి చాలు. దీన్నే నియమంగా పెట్టుకోండి: చివరి హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) వచ్చేదాకా ఇద్దరూ ఒకే ఫ్రేములో కనిపించకూడదు. అన్న వదిలి వెళ్లిన కప్పు తమ్ముడు కడుగుతాడు. తమ్ముడు మడిచిన దుప్పటి అన్న విప్పుతాడు. ఒకరి పని ఆనవాళ్లు ఇంకొకరి షాట్‌లో కనిపించాలి. చివర్లో గుమ్మం దగ్గర ఇద్దరూ రెండు సెకన్లు ఎదురుపడితే చాలు. అక్కడ కౌగిలింతలు, కన్నీళ్లు పెట్టకండి. రెండున్నర నిమిషాలు విడివిడిగా చూసిన ఇద్దరు పక్కపక్కన కనిపిస్తే చూసేవాళ్లకు ఆ బరువు దానంతటదే తెలుస్తుంది.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఆ అన్న నిజంగా మీలో ఒకరి అన్న అయితే, స్క్రిప్టు రాయకముందే ఆయన్ని అడగండి. తన అలసట, తన ఉద్యోగం పదిమంది ముందు పెట్టడం ఆయనకు ఇష్టమో కాదో ఆయనే చెప్పాలి. వద్దంటే వేరే వ్యక్తితో ఆ పాత్ర వేయించండి, పనిచేసే చోటు గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేయండి. సరేనంటే మాత్రం ఆయన్నే అడిగి తెలుసుకోండి: డ్యూటీ నుంచి వచ్చాక మొదట చేసే పని ఏమిటి, నిద్ర పట్టకపోతే ఏం చేస్తారు. మీరు కూర్చుని ఊహించే షాట్ల కంటే ఆయన చెప్పే రెండు చిన్న విషయాలు బాగుంటాయి.

ఇప్పుడు పాటను బార్ల లెక్కన కాగితం మీద పరచండి. 90 బీపీఎం అంటే ఒక్కో బీట్ 0.67 సెకన్లు, నాలుగు బీట్ల బార్ ఒకటి సుమారు 2.67 సెకన్లు. మీ నిడివికి దాదాపు 64 బార్లు వస్తాయి. మీ పాట కట్టుబడి బహుశా ఇలా ఉంటుంది: 4 బార్ల ఇంట్రో, 16 బార్ల వర్స్ (చరణం), 8 బార్ల హుక్, మళ్లీ 16, మళ్లీ 8, ఇంకో 8, చివర 4. అంటే ఒక వర్స్‌కి సుమారు 43 సెకన్లు, ఒక హుక్‌కి 21 సెకన్లు. ఈ లెక్క ముందే ఉంటే "ఇక్కడ మంచి షాట్ వేద్దాం" అనే మాట ఉండదు, "రెండో వర్స్ 9వ బార్ నుంచి 12వ బార్ దాకా, సుమారు 10.7 సెకన్లు, అన్న బూట్లు విప్పుతాడు" అని రాస్తారు. షాట్లను వరసగా గీసుకునే స్టోరీబోర్డు బొమ్మలు అందంగా రాకపోయినా ఫర్వాలేదు, బార్ నంబరు మాత్రం ప్రతి బొమ్మ కిందా ఉండాలి.

ర్యాప్‌లో మాటలు ఎక్కువ. ప్రతి లైనుకీ దాని బొమ్మ చూపించాలని కూర్చుంటే, గడియారం అన్నప్పుడు గడియారం, డబ్బు అన్నప్పుడు డబ్బు చూపిస్తూ పోతే, పాట వినాల్సిన అవసరమే ఉండదు. 64 బార్లలో నాలుగైదు లైన్లు ఎంచుకుని వాటికే నేరుగా బొమ్మ ఇవ్వండి. ఒకటి రెండు చోట్ల మాటకూ బొమ్మకూ పొంతన లేకుండా పెట్టండి: తమ్ముడు "అంతా బాగానే ఉంది" అని పాడుతుంటే తెర మీద అన్న కూర్చున్న చోటే నిద్రపోతుండాలి. మిగతాదంతా పెర్ఫార్మెన్స్, ఆ గది.

పెర్ఫార్మెన్స్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, విద్యార్థుల వీడియోలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ర్యాపర్‌కి పాట పూర్తిగా నోటికి రావాలి, షూటింగ్ రోజు ఫోన్ చూసి పాడకూడదు. పెదవులు మాత్రం కదిపితే సరిపోదు, నిజంగా గొంతెత్తి పాడాలి. మెడ నరాలు, ఊపిరి, దవడ అన్నీ కెమెరాకి తెలిసిపోతాయి. షూటింగ్‌లో వినిపించే ప్లేబ్యాక్ ఫైలు మొదట్లో రెండు బార్ల టిక్ టిక్ శబ్దం పెట్టుకోండి, సరిగ్గా బీట్ మీద అందుకోవడానికి. కెమెరా మైకు ఆపకండి. ఆ శబ్దం చెత్తగా ఉన్నా ఎడిటింగ్‌లో అసలు పాటతో కలపడానికి అదే ఆధారం. ప్రతి లొకేషన్‌లోనూ పాట మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా కనీసం మూడు టేకులు తీయండి: ఒకటి దూరం నుంచి, ఒకటి నడుము దాకా, ఒకటి ముఖం దగ్గరగా. ముక్కలు ముక్కలుగా తీస్తే ఎడిటింగ్‌లో ఎక్కడో ఒక చోట నాలుగు బార్లు దొరకవు, అప్పటికి లొకేషన్ చేతిలో ఉండదు.

హిప్‌హాప్ వీడియోల్లో మనిషి కాస్త బరువుగా, మాట మాత్రం సరిగ్గా బీట్ మీదే కదలడం మీరు గమనించే ఉంటారు. దాని వెనక పద్ధతి ఇది. ఎడిటింగ్‌లో క్లిప్పులు పరిచే వీడియో టైమ్‌లైన్ సెకనుకు 24 ఫ్రేములు అనుకుందాం. కెమెరాను 30 ఫ్రేముల మీద పెట్టి, పాటను 125 శాతం వేగంతో వినిపించి ర్యాపర్ చేత పాడించండి. తర్వాత ఆ క్లిప్‌ను 24 ఫ్రేములుగా చదవమని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి చెబితే అది 80 శాతం వేగానికి తగ్గుతుంది. పెదవులు అసలు పాటతో కలుస్తాయి, చేతులు, బట్టలు, నడక మాత్రం కొద్దిగా నెమ్మదిస్తాయి. 48 ఫ్రేములతో తీస్తే పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి, అంటే 180 బీపీఎం. ఆ వేగంలో నిండుగా మాటలున్న వర్స్ పాడటం దాదాపు అసాధ్యం. అది హుక్‌కి, అదీ మాటలు తక్కువున్న హుక్‌కి మాత్రమే పనికొస్తుంది. 125 శాతానికైనా ముందు రెండు మూడు రోజులు సాధన కావాలి. క్లిప్‌ను 24గా చదవమని చెప్పకుండా నేరుగా టైమ్‌లైన్‌లో పడేస్తే సాఫ్ట్‌వేర్ కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది, కానీ వేగం తగ్గించదు. ఈ తేడా ఒక చిన్న క్లిప్ మీద ముందే పరీక్షించుకోండి.

ఇక మీరడిగిన మోడ్. ఫోన్లలో ఆటో సెట్టింగులు ఆపేయండి, అంతే. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తూకం) మూడూ లాక్ చేయాలి. లేకపోతే ర్యాపర్ చెయ్యి లెన్సు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముఖం మసకబారుతుంది, వెలుతురు ఎగిరెగిరి పడుతుంది. 24 ఫ్రేములకు షటర్ వేగం 1/48 లేదా 1/50 సెకను దగ్గర ఉంచండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 లేదా 1/120 పెడితే లైట్ల మిణుకు చాలావరకు పోతుంది. నాసిరకం ఎల్‌ఈడీ బల్బు అయితే అప్పటికీ మిణుకుతుంది, అప్పుడు బల్బే మార్చాలి. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచవు. పాట మొదట్లో కలిసిన పెదవులు చివరికి వచ్చేసరికి తప్పిపోతే కారణం సాధారణంగా అదే. అలాంటి ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుని అప్పుడు ఎడిటింగ్ మొదలుపెట్టండి. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ మీకు ధారాళంగా సరిపోతుంది.

లెన్సు, కోణం విషయంలో ఒక అభిప్రాయం. 1990ల్లో దర్శకుడు హైప్ విలియమ్స్ తీసిన వీడియోలతో, అంచులు గుండ్రంగా వంచి చూపే ఫిష్‌ఐ లెన్సు, కింది నుంచి పైకి చూసే కోణం ఈ సంగీతానికి గుర్తుగా నిలిచిపోయాయి. అందరూ వాడుతున్నారని మీరూ మొత్తం అలా తీయకండి. కింది కోణం మనిషిని పెద్దగా, గెలిచినట్టుగా చూపిస్తుంది. మీ తమ్ముడు ఇంకా గెలవలేదు. హుక్‌లో, గొంతు పెరిగిన చోట మాత్రం వైడ్ లెన్సుతో దగ్గరగా, కింది నుంచి తీయండి. అన్న కనిపించే షాట్లన్నీ కంటి ఎత్తులో, కెమెరా కదలకుండా ఉండాలి. ఈ తేడా చూసేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రాత్రి సీన్లు నడిరాత్రి తీయకండి. ఫోన్ సెన్సారు చిన్నది, చీకట్లో బొమ్మ అంతా గింజలు గింజలుగా వస్తుంది. సూర్యుడు అస్తమించిన తర్వాత ఇరవై ముప్పై నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది, వీధి లైట్లు కూడా వెలిగి ఉంటాయి. తెర మీద అది రాత్రిలాగే కనిపిస్తుంది, ముఖమూ తెలుస్తుంది. ఆ సమయం చాలా తక్కువ కాబట్టి ఏ షాట్లు, ఏ వరసలో అన్నది పగలే అక్కడ నడిచి చూసుకోవాలి. ఎక్స్‌పోజర్ ముఖం మీదే లాక్ చేసి కొద్దిగా తగ్గించండి. లేకపోతే నల్లటి బ్యాక్‌గ్రౌండ్‌ను చూసి ఫోన్ వెలుతురు పెంచేస్తుంది, ముఖం పాలిపోతుంది. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి పడితే ఏ రంగు చర్మమైనా నిగారింపుతో కనిపిస్తుంది.

నియాన్, వాన ప్రస్తుతానికి వదిలేయండి. వాటి బదులు రెండు రంగులు చాలు: రాత్రికి వీధి లైటు నారింజ, పొద్దుటికి కిటికీ నీలం. అన్న నారింజలోంచి నీలంలోకి వస్తాడు, తమ్ముడు నీలంలోంచి బయటికి వెళ్తాడు. బట్టలు కూడా ఈ రెండు రంగులు చెడగొట్టకుండా ఎంచుకోవాలి. డ్రోన్ కూడా వద్దు. చాలా చోట్ల అనుమతులు కావాలి, పైగా మీ కథ ఒక గదిలో ఉంది.

ఇప్పుడు కవర్. ఇక్కడ చాలామంది చేసే పని, వీడియోలోంచి ఒక మంచి ఫ్రేము తీసి మీద పేరు రాయడం. అది ఎందుకు కుదరదో లెక్క చూస్తే తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము ఎత్తు 1080 పిక్సెళ్లు, అందులోంచి చతురస్రం తీస్తే 1080×1080. 4కే అయినా 2160×2160. ఆన్‌లైన్‌లో పాటలు పెట్టడానికి సాధారణంగా 3000×3000 పిక్సెళ్ల చతురస్రం సిద్ధం చేసుకుంటారు. పైగా 1/50 షటర్‌తో తీసిన ఫ్రేములో కదలిక మసక ఉంటుంది. తెర మీద అది అందం, కవర్ మీద లోపం. కాబట్టి షూటింగ్ రోజే, అదే గదిలో, అవే లైట్లలో, స్టిల్ ఫోటోలకు విడిగా ఒక గంట పెట్టుకోండి. ఆ గంటను షెడ్యూల్లో రాయకపోతే చివర్లో అందరూ అలసిపోయి రెండు ఫోటోలు తీసి ఇంటికి వెళ్తారు.

వీడియో మూడు నిమిషాల్లో చెప్పేది కవర్ ఒక్క చూపులో చెప్పాలి. నేనైతే ఇలా తీస్తాను: తమ్ముడు మంచం ఒక అంచున కూర్చుని నేరుగా కెమెరాలోకి చూస్తున్నాడు. మంచం రెండో సగం ఖాళీ. వెనక గోడకు ఒకే కొక్కేనికి అన్న యూనిఫాం చొక్కా, తమ్ముడి బ్యాగు. కొత్త ఆర్టిస్టు ముఖం జనానికి తెలియాలి కాబట్టి ముఖం ఉంది, లేని మనిషి కూడా ఉన్నాడు. వెనక కవర్‌కి అదే గది, అదే కోణం, ఈసారి అన్న నిద్రపోతుంటాడు, తమ్ముడు లేడు. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచి రెండూ తీస్తే ముందు వెనకలు తిప్పి చూసినప్పుడు ఇద్దరూ చోటు మార్చుకున్నట్టు ఉంటుంది.

పాట ఒక్కటే ఉన్నా మీరు చేసేది ఆల్బమ్ కవర్ కాబట్టి వెనక పాటల పేర్లు కావాలి. అవి కూడా అదే ఇంటివి అయి ఉండాలి: అలారం, గుమ్మం, నెలాఖరు, రెండో తాళం చెవి. ఇలాంటి ఆరేడు పేర్లు చాలు.

అక్షరాల దగ్గర తొందరపడకండి. గోడల మీది గ్రాఫిటీ రాత హిప్‌హాప్‌లో మొదటి నుంచీ డీజేయింగ్, ర్యాప్, బ్రేక్ డ్యాన్స్‌లతో సమానమైన భాగం. అందుకే ఉచితంగా దొరికే గ్రాఫిటీ ఫాంటు వాడితే ఈ సంగీతం తెలిసినవాళ్లకు అది వెంటనే అతికించినట్టు కనిపిస్తుంది. మీ నలుగురిలో చేతిరాత బాగున్నవాళ్లు మార్కరుతో తెల్ల కాగితం మీద ఒక ముప్పైసార్లు పేరు రాయండి. నచ్చినదాన్ని స్కాన్ చేసి ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతలుగా మార్చుకోండి. తెలుగు లిపిలో రాస్తుంటే ఒత్తులు, గుడులు పైకీ కిందికీ సాగుతాయి, వాటికి చోటు వదలాలి. సన్నటి ఒత్తు చిన్న సైజులో మాయమైపోతుంది. కవర్ పూర్తయ్యాక దాన్ని 64 పిక్సెళ్లకు తగ్గించి చూడండి. చాలామంది మీ కవర్‌ను ఫోన్లో ఆ సైజులోనే చూస్తారు. ముఖం, ఖాళీ మంచం, పేరు మూడూ తెలియకపోతే ఏదో ఒకటి తగ్గించాలి.

ముద్రణకు ఇవ్వాల్సి వస్తే సీడీ బుక్‌లెట్ ముందు పేజీ 120×120 మిల్లీమీటర్లు, చుట్టూ 3 మిల్లీమీటర్ల కోత అంచు, 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), రంగులు ముద్రణకు వాడే సీఎంవైకే పద్ధతిలో. తెర మీద మెరిసే నారింజ ముద్రణలో కాస్త డల్‌గా వస్తుంది, ఒక నమూనా తీయించి చూడండి. మధ్యలో వచ్చే సన్నటి వెన్ను మీద పేరు మరచిపోకండి. ఆన్‌లైన్‌కి వేరే ఫైలు, తెరలకు వాడే ఆర్‌జీబీ పద్ధతిలో. అందులో వెబ్‌సైట్ చిరునామా, సోషల్ మీడియా ఐడీలు పెడితే ఆన్‌లైన్‌లో పాటలు పెట్టే సంస్థలు సాధారణంగా తిప్పి పంపుతాయి. నలుపు తెలుపుల్లో ఉండే పేరెంటల్ అడ్వైజరీ గుర్తును అందం కోసం పెట్టకండి. అది అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం పెట్టిన హెచ్చరిక, బూతులు, హింస ఉన్న పాటలకు వాడేది. మీ పాటలో అలాంటివి లేవు.

అనుమతుల సంగతి. బీట్ స్నేహితుడిదే అయినా అందులో వేరే పాట ముక్క ఏదైనా కోసి వాడాడా అని అడగండి. వాడితే రెండు హక్కులు అడ్డొస్తాయి: పాట రచన, బాణీలది ఒకటి, ఆ రికార్డింగ్‌ది ఇంకొకటి. చిన్న ముక్క అయినా "కొన్ని సెకన్లే కదా" అనే మినహాయింపును నమ్ముకోకండి. స్నేహితుడి నుంచి కూడా రెండు లైన్ల రాతపూర్వక ఒప్పందం తీసుకోండి. గోడ మీది బొమ్మ ముందు షూట్ చేస్తే ఆ బొమ్మ వేసినవాళ్ల హక్కు గుర్తుంచుకోండి, ముఖ్యంగా కవర్ మీద. తెరపై కనిపించే ప్రతి ఒక్కరి సంతకం కావాలి, మైనర్లయితే తల్లిదండ్రులది. బొమ్మ తుపాకీ మాత్రం ఏ పరిస్థితిలోనూ బయటికి తీయొద్దు. దూరం నుంచి చూసేవాళ్లకు అది బొమ్మని తెలియదు, ప్రాణాల మీదికి వస్తుంది.

ఎడిటింగ్‌లో ముందుగా మీ దగ్గరున్న మంచి పెర్ఫార్మెన్స్ టేకు ఒక్కటి మొత్తం పాట పొడవునా పరచండి. అది ఒక్కటే చూడగలిగేలా ఉంటే మీ వీడియో గట్టిదే, దాని మీద గది షాట్లు వేసుకుంటూ వెళ్లండి. 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో 90 బీపీఎంకి ఒక్కో బీట్ సరిగ్గా 16 ఫ్రేములు, ఇది మీకు కలిసొచ్చిన అదృష్టం. స్నేర్ డ్రమ్ము దెబ్బ మామూలుగా ప్రతి బార్‌లో 2, 4 బీట్ల మీద పడుతుంది, కట్ అక్కడ వేస్తే బిగువుగా ఉంటుంది. కానీ ప్రతి దెబ్బకీ కట్ వేస్తే పదో సెకనుకే కన్ను అలసిపోతుంది. రెండో వర్స్‌లో అన్న బూట్లు విప్పే షాట్‌ను నాలుగు బార్లూ కట్ లేకుండా వదిలేయండి.

నాలుగు వారాల్లో మొదటి వారం పూర్తిగా కాగితం మీద పనికి, అనుమతులకు, ర్యాపర్ సాధనకు ఇవ్వండి. రెండో వారం ఒక సాయంత్రం ఫోన్‌తో ఒక్క వర్స్ పరీక్షగా తీసి, ఎడిట్ కూడా చేసి చూడండి. 125 శాతం పద్ధతి, ఫ్రేమ్ రేటు, మిణుకు అన్నీ అప్పుడే బయటపడతాయి. అసలు షూటింగ్ మూడో వారం మొదట్లో రెండు రోజులు: ఒక రోజు గది, స్టిల్స్, ఇంకో రోజు బయట. మిగిలినదంతా ఎడిటింగ్‌కి, కవర్‌కి. షూటింగ్ అయిన రాత్రే ఫైళ్లన్నీ రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, తెరిచి చూసి, ఆ తర్వాతే కెమెరా కార్డు ఖాళీ చేయండి. అడిగి తెచ్చుకున్న కెమెరా తిరిగి ఇచ్చే ముందు ఆ కార్డు ఎవరి దగ్గర ఉందో ఒకరి బాధ్యతగా పెట్టండి.